తిరుపతిలో వ్యాపార ఒప్పందాలు చూసే న్యాయవాదిని ఎంచుకోవడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. రేణిగుంట దగ్గర మీరు, మీ బావమరిది కలిసి భాగస్వాములుగా అట్టపెట్టెల యూనిట్ నడుపుతున్నారు. శ్రీసిటీలోని ఒక కంపెనీ ఏడాది పొడవునా పెట్టెలు సరఫరా చేయమంటూ ఆంగ్లంలో నలభై పేజీల ముసాయిదా ఒప్పందం పంపింది. దానికోసం కొత్తగా ఒక గోడౌన్ కూడా అద్దెకు తీసుకోబోతున్నారు. ఇవన్నీ మీ కుటుంబ భూమి వ్యాజ్యం చూస్తున్న లాయరుగారికే చూపించాలా, తిరుపతిలో మరొకరిని వెతకాలా, లేక చెన్నై వెళ్లాలా అన్నది మీ సందేహం.

నా సమాధానం సూటిగా చెబుతాను. తిరుపతిలోనే, వ్యాపార ఒప్పందాలు క్రమంగా రాసే ఇద్దరి ముగ్గురి పేర్లు సేకరించి, వారిలో ఒకరికి ఫీజు చెల్లించి ఈ ముసాయిదాను చదివి రాతపూర్వకంగా అభిప్రాయం చెప్పే పని మాత్రమే ముందుగా అప్పగించండి. వకాలత్ మీద సంతకాలు, ఏడాది ఫీజులు, శాశ్వత సలహాదారు హోదాలు అన్నీ తరువాతి సంగతి. ఆ ఒక్క పనిలో ఆయన మీకు చెప్పిన జవాబుల కన్నా మిమ్మల్ని అడిగిన ప్రశ్నలను ఎక్కువగా గమనించి నిర్ణయించుకోండి.

నేను న్యాయవాదిని కాను. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు పరిశ్రమలో చాలాకాలం కొనుగోళ్లు, ఒప్పందాలు చూసి, ఇప్పుడు తిరుపతిలో చిన్న యూనిట్లకు అదే పనిలో సలహాలిస్తున్నాను. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ఫీజు ఇచ్చే కక్షిదారు వైపు నుంచి చూసినదే.

భూమి వ్యాజ్యాల లాయరుగారిని ఎందుకు వద్దంటున్నానో ముందు చెప్పాలి. ఆయన సమర్థత మీద నాకు అనుమానం లేదు. దస్తావేజుల లంకె, అడంగల్, స్వాధీనం, ఇంజంక్షన్ వంటి విషయాల్లో ఆయనకున్న పట్టు మరొకరికి ఉండకపోవచ్చు. అయితే ఆ నైపుణ్యమంతా తగవు పుట్టిన తరువాత పనికొచ్చేది. మీకు కావలసినది, తగవు ఎక్కడ పుట్టగలదో ఊహించి, ఆ చోట నాలుగు వాక్యాలు మార్చగలిగే మనిషి. పదిహేనేళ్ల క్రితం తిరుపతిలో వ్యాపార ఒప్పందాలంటే ఎక్కువగా లాడ్జీల లీజులు, హోటళ్లు, ట్రావెల్స్, క్యాంటీన్ల కాంట్రాక్టులే. సత్యవేడు వైపు శ్రీసిటీ, రేణిగుంట, ఏర్పేడు వైపు ఎలక్ట్రానిక్స్ యూనిట్లు వచ్చిన తరువాత, దేశంలో మరెక్కడో ఉన్న ప్రధాన కార్యాలయం తయారుచేసిన ఒప్పందాలు మన చిన్న సరఫరాదారుల చేతికి రావడం మొదలైంది. వాటిని నిత్యం చదివే లాయర్లు ఊళ్లో ఉన్నారు గాని, వారి సంఖ్య కోర్టు ఆవరణలో కనిపించే జనంతో పోల్చితే తక్కువ. అందుకే వెతకాలి. వెతకడానికి మొదటి మెట్టు కూడా మీ లాయరుగారే కావచ్చు. "ఈ పని మీరైతే ఎవరికి ఇస్తారు?" అని అడగండి. తన పని కాని పనిని తనదే అనని లాయరు చెప్పే పేరు సాధారణంగా నమ్మదగినదే. మీ ఆడిటరుగారిని, శ్రీసిటీకి ఇప్పటికే సరఫరా చేస్తున్న ఒకరిద్దరు యజమానులను కూడా ఇదే అడగండి.

ఇంటర్నెట్‌లో కనిపించే "నంబర్ వన్ లాయర్లు" జాబితాలను లెక్కలోకి తీసుకోవద్దు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 36వ నియమం న్యాయవాదులు ప్రకటనలు ఇచ్చుకోవడాన్ని, పని కోసం వెంటపడటాన్ని నిషేధిస్తుంది. దాని ప్రకారం బాగా నడుచుకునే లాయరు అలాంటి జాబితాల్లో కనిపించకపోవచ్చు. దానికి బదులు ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో న్యాయవాది పేరుతో వెతికే వీలుంది. అక్కడ ఆయన ఏ తరహా కేసులు నడుపుతున్నారో కొంత తెలుస్తుంది. అయితే ఒక మాట: ఒప్పందాలు రాయడంలో దిట్ట అయిన మనిషి కోర్టుకు అరుదుగా వెళ్లవచ్చు కనుక, అక్కడ కేసులు తక్కువగా కనిపించినంత మాత్రాన ఆయనను పక్కన పెట్టవద్దు. నేనైతే కొంతకాలమైనా కోర్టులో పనిచేసి, ఒక క్లాజు జడ్జి ముందు ఎలా నిలబడిందో, ఎలా కూలిందో కళ్లారా చూసినవారికే మొగ్గు చూపుతాను.

ఇక అసలు పరీక్షకు వస్తాను. ముసాయిదా చదివిన లాయరు మీ దగ్గర కొన్ని సంగతులు అడిగి తీరాలి. వాటిలో మొదటిది, మీ భాగస్వామ్య సంస్థ రిజిస్టరు అయిందా అన్నది. 1932 నాటి భాగస్వామ్య చట్టంలో 69వ సెక్షన్ ప్రకారం, రిజిస్టరు కాని సంస్థ తన ఒప్పందం ఆధారంగా బయటివారి మీద దావా వేయలేదు. అవతలి కంపెనీ మాత్రం మీ మీద నిక్షేపంగా వేయవచ్చు. మన ప్రాంతంలో బంధువులు కలిసి పెట్టిన సంస్థల్లో చాలావాటికి స్టాంపు పేపరు మీద భాగస్వామ్య పత్రం ఉంటుంది, పాన్ కార్డు ఉంటుంది, జీఎస్టీ నంబరు ఉంటుంది, సంస్థల రిజిస్ట్రారు దగ్గర నమోదు మాత్రం ఉండదు. నలభై పేజీల ఒప్పందాన్ని గంటసేపు చర్చించి ఈ ప్రశ్న అడగని లాయరు దగ్గర నేను రెండోసారి కూర్చోను.

రెండోది చెల్లింపు గడువు. ఇలాంటి ఒప్పందాల్లో సరుకు అందిన 90 రోజులకు డబ్బు ఇస్తామని రాయడం మామూలు. సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల 2006 చట్టంలో 15వ సెక్షన్ ప్రకారం, సూక్ష్మ లేదా చిన్న సంస్థకు చెల్లించవలసిన డబ్బుకు, ఒప్పందంలో ఏమి రాసుకున్నా, సరుకు అంగీకరించిన నాటి నుంచి 45 రోజులు దాటిన గడువు చెల్లదు. దాటితే 16వ సెక్షన్ కింద రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా అసలుకు కలుపుతూ చక్రవడ్డీ కట్టాలి. 18వ సెక్షన్ కింద ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు, అంటే ఇలాంటి బకాయిల తగవులు తీర్చే ప్రభుత్వ మండలికి వెళ్లవచ్చు. అక్కడ వచ్చిన తీర్పును కొనుగోలుదారు కోర్టులో సవాలు చేయాలంటే ముందుగా 75 శాతం సొమ్ము జమ చేయాలి. కాబట్టి మంచి లాయరు ఈ క్లాజు చూడగానే, మీకు ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉందా, ఏ తేదీన తీసుకున్నారు, తయారీదారుగానా వ్యాపారిగానా అని అడుగుతారు. కొని అమ్మే వ్యాపారులకు ఉద్యం నమోదు దొరికినా, ఆలస్యపు చెల్లింపులపై ఈ రక్షణ వారికి వర్తించదు. మీరు పెట్టెలు తయారు చేస్తున్నారు కనుక మీకు ఇబ్బంది లేదు. ఇంకా నమోదు చేసుకోకపోతే మాత్రం ఒప్పందం మీద సంతకం పెట్టకముందే చేసుకోండి. తరువాత చేసుకున్న నమోదు పాత ఒప్పందానికి వర్తిస్తుందా లేదా అన్న వాదన మీ నెత్తిన పడకుండా ఉంటుంది.

ఇక్కడే సగటు లాయరుకు, మీకు కావలసిన లాయరుకు తేడా తెలుస్తుంది. సగటు లాయరు "ఈ క్లాజు చట్టవిరుద్ధం, కొట్టేయండి" అంటారు. రెండో రకం లాయరు ఇంకో అడుగు వేస్తారు: మీ ఏకైక పెద్ద కొనుగోలుదారు మీద మీరు రేపు కౌన్సిల్‌కు వెళ్లగలరా, వెళ్తే మరుసటి నెల ఆర్డరు వస్తుందా అని అడుగుతారు. అప్పుడు బేరం ఇంకో దారిలో సాగుతుంది. 2024-25 మదింపు సంవత్సరం నుంచి, సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా చెల్లించని మొత్తాన్ని కొనుగోలుదారు ఆ ఏడాది ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపుకోలేడు, చెల్లించిన ఏడాదిలోనే చూపుకోవాలి. ఈ సంగతి అవతలి కంపెనీ అకౌంట్స్ వారికి బాగా తెలుసు. ఆ విభాగంతో మాట్లాడి 90ని 45కు తెప్పించిన లాయరుగారిని నేను చూశాను. చట్టాన్ని బెదిరింపుగా వాడకుండా, వారి లెక్కల్లోని సౌకర్యంగా చూపించారు.

మూడోది సరుకు అంగీకారం. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చిత్తూరు గుజ్జు వ్యాపారంలో నేను చూసిన తగవుల్లో చాలావరకు ఇక్కడే పుట్టాయి. ఒక ఎగుమతిదారు కోసం ఒక ఫ్యాక్టరీ తోతాపురి గుజ్జు తీసి డ్రమ్ముల్లో నింపి ఇచ్చే ఒప్పందం అది. "ఎగుమతి నాణ్యత" అని ఒక్క మాట రాసి ఉంది. బ్రిక్స్, అంటే గుజ్జులో తీపి శాతం ఎంత ఉండాలి, పరీక్ష ఏ ల్యాబులో, ఎవరి ఖర్చుతో, డ్రమ్ము ఫ్యాక్టరీ గేటు దాటాక బాధ్యత ఎవరిది అన్నవేవీ లేవు. నెలల తరువాత విదేశంలో సరుకు తిరస్కరించారని చెప్పి ఎగుమతిదారు బిల్లు ఆపేశాడు. ఆ ఒప్పందం రాసిన లాయరుకు చట్టం తెలియక కాదు, సరుకు ఎలా కదులుతుందో అడగలేదు అంతే. మరుసటి సీజనుకు వేరొక లాయరు వచ్చి, ముందు ఫ్యాక్టరీ అంతా తిరిగి చూసి, ఆ తరువాతే కాగితం మీద పెన్ను పెట్టారు. మీ విషయంలో కూడా పెట్టె ఎన్ని ప్లైలు (పొరలు), కాగితం జీఎస్ఎం (చదరపు మీటరుకు బరువు) ఎంత, బర్స్టింగ్ స్ట్రెంత్ (చిరగకుండా తట్టుకునే ఒత్తిడి) ఎంత, తేమ వల్ల మెత్తబడితే ఎవరిది తప్పు, తిరస్కరించాలంటే ఎన్ని రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి అన్నవన్నీ అనుబంధంలో ఉండాలి. పైన చెప్పిన 2006 చట్టం ప్రకారం, సరుకు అందిన 15 రోజుల్లో కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే అంగీకరించినట్లు లెక్క. ముసాయిదాలో దీనికి విరుద్ధంగా "మా తుది వినియోగదారు ఆమోదించేవరకు" వంటి మాటలున్నాయేమో చూడమనండి.

ఈ సాంకేతిక వివరాలు లాయరు తనంతట తాను రాయలేరు. అవి మీరే తెలుగులో, మీకు వచ్చిన భాషలో, రెండు పేజీల్లో రాసి ఇవ్వాలి. పెట్టెలకు ముడిసరుకైన క్రాఫ్ట్ పేపరు ధర పెరిగితే మీ పెట్టె ధర ఎలా సవరించాలన్నది కూడా అందులోనే రాయండి. ఏడాది పాటు ఒకే ధర అని సంతకం పెట్టిన పెట్టెల యూనిట్లు కాగితం ధర పెరిగిన సంవత్సరంలో ఎలా నలిగిపోయాయో మీ వ్యాపారంలోని పెద్దలను అడిగితే చెబుతారు.

జరిమానా క్లాజు గురించి కూడా ఒక ప్రశ్న వేయండి. ఆలస్యమైన ప్రతి వారానికి ఇంత శాతం కోత అని రాసి ఉంటే, 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 74వ సెక్షన్ కింద కోర్టు ఆ మొత్తానికి మించకుండా సముచితమైన పరిహారమే ఇప్పిస్తుందని ఏ లాయరైనా చెబుతారు. అది నిజమే. కాని ఆ కోతను కంపెనీ మీ బిల్లులోనే తీసేసుకుంటుంది కనుక, కోర్టు మెట్లెక్కవలసినది మీరే. డబ్బు ఎవరి చేతిలో ఉందో చూసి సలహా చెప్పే లాయరు, సెక్షను కన్నా ముందు ఆ కోతకు ఒక గరిష్ఠ పరిమితి రాయించమంటారు.

తగవు తీర్చే క్లాజును చాలామంది చివరి పేజీలో ఉంటుంది కదా అని వదిలేస్తారు. ఆర్బిట్రేషన్ (కోర్టుకు బదులు ఇరుపక్షాలు ఒప్పుకున్న వ్యక్తి విచారించి తీర్పు ఇవ్వడం) స్థానం ఏ ఊరు, ఆర్బిట్రేటరును ఎవరు నియమిస్తారు అన్న రెండూ అక్కడే ఉంటాయి. కంపెనీయే ఏకపక్షంగా ఏకైక ఆర్బిట్రేటరును నియమిస్తుందన్న షరతును 2019లో సుప్రీంకోర్టు పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో తప్పుపట్టింది. అయినా ఆ వాక్యం ఇప్పటికీ పాత ముసాయిదాల నుంచి నకలై వస్తూనే ఉంది. స్థానం గురుగ్రామ్ లేదా ముంబై అయితే మీ పది లక్షల బకాయి కోసం మీరు అక్కడికి తిరగగలరా అన్నది ఆలోచించాలి. ఆర్బిట్రేషన్ లేకపోతే ఏ కోర్టు అన్న ప్రశ్న వస్తుంది. 2015 వాణిజ్య కోర్టుల చట్టానికి 2018లో చేసిన సవరణతో 3 లక్షల రూపాయలు, ఆపైన విలువ గల వాణిజ్య వివాదాలు ఆ చట్టం కిందికి వచ్చాయి. అత్యవసర ఉత్తర్వులు కోరని దావాకు ముందు 12ఏ సెక్షన్ కింద రాజీ కోసం మధ్యవర్తిత్వ ప్రయత్నం తప్పనిసరి. మీ వివాదం అక్షరాలా ఏ ఊళ్లో ఏ కోర్టుకు వెళుతుందో లాయరు నోటనే వినండి. తడుముకుంటే తప్పు లేదు, రేపు చూసి చెబుతానంటే ఇంకా మంచిది. "అదంతా తరువాత చూసుకుందాం లెండి" అంటే మాత్రం లేచి వచ్చేయండి.

గోడౌన్ విషయానికి వస్తే, చెన్నైకి వెళ్లాలా అన్న మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది. లాయరును ఇలా అడిగి చూడండి: "పదకొండు నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కదా?" దేశంలో చాలాచోట్ల ఏడాదికి మించని అద్దె ఒప్పందానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కనుక ఈ పదకొండు నెలల అలవాటు పుట్టింది. మన రాష్ట్రంలో మాత్రం రిజిస్ట్రేషన్ చట్టంలోని 17వ సెక్షనుకు చేసిన రాష్ట్ర సవరణ 1999 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం స్థిరాస్తి లీజు ఎంత కాలానిదైనా రిజిస్టరు చేయించాలి. రిజిస్టరు కాని లీజు పత్రంలోని షరతులను రుజువు చేయడానికి ఆ పత్రాన్ని సాక్ష్యంగా తీసుకోరు. నోటరీ ముద్ర ఉన్నంత మాత్రాన ఆ లోటు తీరదు. నేను సలహాలిచ్చే ఒక సరుకు పంపిణీదారు నోటరీ చేయించిన పదకొండు నెలల కాగితాన్ని నమ్ముకుని షెల్ఫులు, విద్యుత్ లైను అన్నీ సొంత ఖర్చుతో వేయించుకున్నాడు. నాలుగో నెలలో యజమాని ఖాళీ చేయమన్నప్పుడు, మధ్యలో ఖాళీ చేయించకూడదన్న షరతు ఆ కాగితంలో ఉండి కూడా అతనికి అక్కరకు రాలేదు. చివరకు పెద్దమనుషులు కూర్చుని సర్ది చెప్పారు. చెన్నైలోనో బెంగళూరులోనో ఉన్న లాయరు ఎంత ఘనుడైనా ఇలాంటి స్థానిక సవరణ దగ్గర, మన స్టాంపు రుసుముల దగ్గర పొరబడే వీలుంది.

కాబట్టి చెన్నై అవసరం లేదా అంటే, కొన్ని సందర్భాల్లో ఉంది. కంపెనీ మీకు తన డిజైన్లు, అచ్చులు ఇచ్చి మేధోసంపత్తి షరతులు పెడితే, విదేశీ చట్టం వర్తిస్తుందని రాస్తే, లేదా మీ సంస్థలో వారు వాటా కొంటామంటే, అప్పుడు ఆ ఒక్క భాగానికి చెన్నైలోనో హైదరాబాదులోనో నిపుణుడి అభిప్రాయం తీసుకుని, దాన్ని మీ తిరుపతి లాయరుగారి చేతిలో పెట్టండి. మామూలు సరఫరా ఒప్పందానికి అంత ఖర్చు దండగ. రేపు లారీ గేటు దగ్గర ఆగిపోయినప్పుడు ఫోను చేస్తే ఎత్తే మనిషి ఊళ్లోనే ఉండటం మీకు ఎక్కువ లాభం.

ఊళ్లోనే ఉండటంలో ఒక చిక్కూ ఉంది. ఊరు పెరిగినా వ్యాపార వర్గం చిన్నదే, అందరికీ అందరూ తెలుసు. గోడౌన్ యజమాని తన లాయరునే చూపించి, ఇద్దరికీ ఆయనే రాస్తారు, ఖర్చు కలిసొస్తుందంటాడు. ఒప్పుకోవద్దు. కాగితాలు చూపించకముందే, కంపెనీ తరఫున గాని గోడౌన్ యజమాని తరఫున గాని ఆయన ఎప్పుడైనా పనిచేశారా అని అడగండి. అలాంటి సంబంధం ఉంటే ముందే చెప్పవలసిన బాధ్యత బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం ఆయనది. అడగడం అమర్యాద అనుకోవద్దు, మంచి లాయర్లు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు.

ఫీజు గురించి ఎక్కువ చెప్పను. చదివి అభిప్రాయం రాయడానికి ఎంత, మార్పులతో ముసాయిదా తిరగరాయడానికి ఎంత, అవతలివారితో చర్చలకు కూర్చోవడానికి ఎంత అని మూడుగా విడదీసి అడిగి, వాట్సాప్‌లోనైనా సరే రాతలో తీసుకోండి. దావా గెలిస్తే వచ్చినదాంట్లో వాటా అనే మాట ఎవరైనా ఎత్తితే, అది న్యాయవాదుల నియమాలకే విరుద్ధం. పని ఎవరు చేస్తారో కూడా కనుక్కోండి. సీనియరుగారు మాట్లాడి జూనియరు చేత రాయించడంలో తప్పు లేదు, చివరి ప్రతిని సీనియరు చదివి సంతకం పెట్టాలి. ఆంగ్లంలోని ఒప్పందానికి తెలుగులో ఒకటి రెండు పేజీల సారాంశం, అంటే ఏ తేదీకి మీరు ఏమి చేయాలి, చేయకపోతే ఏమవుతుంది అన్నది రాసి ఇమ్మనండి. మీ బావమరిదిగారు, ఫ్యాక్టరీ సూపర్‌వైజరు దాన్ని చదివి అర్థం చేసుకోగలగాలి.

చివరిగా, కంపెనీవారు "ఇది మా అందరు సరఫరాదారులకూ ఇచ్చే ముసాయిదా, ఒక్క అక్షరం మారదు" అంటారు. చాలాసార్లు అంటారు. అప్పుడు ముసాయిదా జోలికి పోకుండా చెల్లింపు గడువు, అంగీకారం, ధర సవరణ, కోత పరిమితి అన్న నాలుగు అంశాలతో ఒక పేజీ అనుబంధ పత్రం రాసి, రెంటికీ తేడా వస్తే అనుబంధమే చెల్లుతుందన్న వాక్యంతో ఇరుపక్షాల సంతకాలకు పంపమని లాయరును అడగండి. ప్రధాన ఒప్పందాన్ని ముట్టుకోనివ్వని కొనుగోలు విభాగాలు అనుబంధానికి ఒప్పుకున్న సందర్భాలు నాకు తెలుసు. దానికీ ఒప్పుకోకపోతే, ఆ నాలుగు అంశాల వల్ల మీకు పడగల నష్టం ఎంతో ఆడిటరుగారితో లెక్క వేయించి, ఆ మేరకు పెట్టె ధర పెంచి కొటేషన్ ఇవ్వండి.